గంజు అడుగు మాడు

మా అన్నకు అన్నం వండే గంజు అడుగున అంటిన మాడంటే పాణం. చెంచతోని గీకి గీకి తినేటోడు. "గంజు గీక్క తినకురా, నీ పెండ్లిల వాన పడ్తది" అని అమ్మ తిట్టేది. అన్న ఇనేటోడు గాదు. తోమేది నేనే గనుక నాకు సుకంగుండేది.

తెలంగాణ కొట్లాటప్పుడు మెదక్ చౌరస్తాల నడి రోడ్డు మీద వంటావార్పు పెట్టిండ్రు. మా పెద్ద గంజును అన్ననే నెత్తిన పెట్టుకొని పోయిండు. పోలీసులు రాంగనే జనం ఉరికిండ్రు. ఆ ఉరుకుడుల అన్న లారీ కింద పడ్డడు. దవాఖానకు పోకముందే పాణం పోయింది. పొయ్యి మీది అన్నాన్ని ఎవ్వరు పట్టించుకోలే.

దినాలైనంక ఒకాయన ఆ గంజును తెచ్చి మా వాకిట్ల పెట్టిండు. అడుగంత బొగ్గు లెక్క మాడింది. "జర నానబెట్టుండ్రి, పోతది" అన్నడు. పోతదట! నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం బూడిద, చింతపండు తీస్కొని కూసున్నది. పొద్దంత తోమింది. నేను గంజు గుంజుకోబోతే చెయ్యి ఇదిలిచ్చింది.

పొద్దుమీకంగ వాన మొదలైంది. లోపలికి రమ్మని పిలిచిన. అమ్మ లేవలే. మసి చేతులతోనే మొగులు దిక్కు చూసి వానను అడిగింది: "ఇప్పుడెవ్వరి పెండ్లని వచ్చినవే?"