సోమూ కారు, ఎడమ పక్క సీటు

నిన్న పొద్దున సోమయాజులు బావమరిది ఫోన్ చేసి "బావగారు పోయారండీ" అంటే నేను నవ్వాను.

"యాక్టింగ్ బాలేదు, మళ్ళీ చెయ్యండి" అని కూడా అన్నాను.

ముప్ఫై ఏళ్ళుగా వాడికి నేను చేసిన వెధవ పనులకి ఎప్పటికైనా రివర్స్ ఇస్తాడని చూస్తున్నాను. ఇదే అనుకున్నాను.

అవతల ఏడుపు వినపడ్డాక కూర్చుండిపోయాను. షాపులో ఉన్నాను కదా, టైర్ల మీదే.

తెలియనివాళ్ళకి చెప్తున్నా. సోమూ తాడేపల్లిగూడెంలో ఫిజిక్స్ లెక్చరరు. నాది ఏలూరులో టైర్ల షాపు. టెన్త్ దాకా ఒకటే బెంచీ. తర్వాత వాడు పైకెళ్ళాడు, నేను అదే బెంచీ మీద ఇంకో రెండేళ్ళు కూర్చున్నాను.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంట.

సరే. జుట్టుకి రంగు బాగా వేసుకునేవాడు.

అయిపోయింది.

తొమ్మిదేళ్ళ క్రితం వాడొక కారు కొన్నాడు. చిన్నదే గానీ టర్బో ఇంజను, కుర్రాళ్ళు వేసుకు తిరిగే రకం. మనవాడి పొట్ట స్టీరింగుకి తగిలేది. స్పీడు యాభై దాటేది కాదు. ఆ కారుని ట్రాక్టరు ఓవర్‌టేక్ చెయ్యడం నేను కళ్ళారా చూశాను.

కానీ వీల్స్ పిచ్చి మాత్రం రేసులకెళ్ళేవాడి పిచ్చి. కంపెనీవి పద్నాలుగు ఇంచులు, వీడికి పదహారు అలాయ్స్ కావాలి. టైరు గోడ పల్చగా ఉండాలి. ఆరు నెలలు నా ప్రాణం తోడేశాడు.

"ఒరేయ్, మనవి కొల్లేరు రోడ్లురా. చేపల లారీలు నీళ్ళు కార్చి కార్చి గోతులు చేసిన రోడ్లు. పదిహేను వేసుకో, టైరు మందంగా ఉంటుంది" అని చెప్పాను.

"నువ్వు టెన్త్ తప్పావు. నేను ఎమ్మెస్సీ" అన్నాడు.

సరే ఎమ్మెస్సీ గారూ అని పదహారే తెప్పించాను. గాలిమర రెక్కల్లా ఒక పక్కకి వంపు తిరిగిన డిజైను. అలాంటివి కుడికి రెండు, ఎడమకి రెండు వేరువేరుగా తెప్పించాలి. నేను చూసుకోకుండా నాలుగూ కుడివే తెప్పించాను. బిగించేశాక గానీ తెలియలేదు.

వాడు కనిపెట్టలేదు. ఎమ్మెస్సీ కదా.

కనిపెట్టింది వాళ్ళావిడ పూర్ణ. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కారు కదులుతుంటే ఎడమ పక్కన నుంచుని చూసింది.

"అన్నయ్యగారూ, ఇటువైపువి వెనక్కి తిరుగుతున్నట్టున్నాయేంటండీ?"

తప్పు నాదమ్మా అంటే సరిపోయేది.

నేను మొహం సీరియస్‌గా పెట్టాను. "ఏ కారుకైనా అంతేనమ్మా. కుడి పక్క నుంచుని చూడు, చక్రం ప్రదక్షిణంగా తిరుగుతుంది. ఎడమ పక్క చూడు, అప్రదక్షిణం. అందుకే తెలిసినవాళ్ళు ఇల్లాలిని ఎడమ పక్క సీట్లో కూర్చోబెట్టరు. మొగుడి ఆయుష్షుకి మంచిది కాదంట."

సోమూ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

పూర్ణ నవ్వలేదు. వెనక తలుపు తీసి, వాడి సీటు వెనకాల, కుడి పక్కన కూర్చుంది.

తొమ్మిదేళ్ళు అక్కడే కూర్చుంది.

మొదట్లో మాకు మహా సరదా. మేడం గారు వెనక, డ్రైవరు ముందు. గూడెంలో వాడికి డ్రైవరు గారని పేరు పెట్టింది ఎవరనుకుంటున్నారు? నేనే.

నెల తిరక్కుండానే కొల్లేటికోట దారిలో గోతిలో పడి ముందు వీల్ ఒకటి వంగింది. తర్వాత నోరు మూసుకుని పదిహేనే వేయించుకున్నాడు, మందం టైర్లతో. వంపు డిజైను పోయింది.

సీటు మాత్రం మారలేదు.

ఎలైన్‌మెంటుకి వచ్చినప్పుడల్లా అదే గొడవ. "ఒరేయ్, నా మాట వినట్లేదురా. అబద్ధమని నువ్వొచ్చి చెప్పు. పక్కన కూర్చుంటుందనే కదరా ఈ కారు కొన్నాను. వెనక్కి తిరిగి మాట్లాడి మాట్లాడి మెడ పట్టేస్తోంది."

"వచ్చే ఆదివారం వస్తాలే" అనేవాణ్ణి.

వెళ్ళలేదు. వెళితే నాలుగూ కుడివే తెచ్చిన సంగతి చెప్పాలి. పైగా వాడి మెడ నొప్పి నాకు కామెడీ.

నిన్న ఇద్దరూ ఏలూరు వస్తున్నారు. దారిలో రైలు గేటు పడింది. ఇంజను ఆపాడు. తల సీటుకి ఆనించాడు.

వెనకున్నావిడకి తల వెనక భాగమే కనపడుతుంది. కునుకు తీస్తున్నాడులే అనుకుంది.

రైలు వెళ్ళింది. గేటు లేచింది. వెనకాల హారన్లు.

అప్పుడు భుజం తట్టింది.

పక్కన కూర్చుని ఉంటే మొహం కనపడేది. ముందే చూస్తే బతికేవాడా అని డాక్టరు గారిని నేను అడగలేదు. ధైర్యం లేదు.

గేటు దగ్గరున్న ఆటో అతనెవరో అదే కారు నడిపి ఏలూరు హాస్పిటల్‌కి తెచ్చాడంట. సాయంత్రం సోమూని అంబులెన్సులో ఎక్కించి, వాళ్ళ బావమరిది నాకు కారు తాళాలిచ్చాడు. "అక్కని మీరు గూడెం తీసుకురండి" అన్నాడు.

అలవాటు కొద్దీ వెనక కుడి తలుపు తీసి పట్టుకున్నాను.

పూర్ణ అటు రాలేదు. కారు చుట్టూ తిరిగి వెళ్ళి, ముందు ఎడమ తలుపు తీసి కూర్చుంది.

"ఇంక దేనికి భయం, అన్నయ్యగారూ" అంది.

కొంచెం దూరం వెళ్ళాక మళ్ళీ తనే అంది. "మీరు ఆ రోజు చెప్పబట్టి తొమ్మిదేళ్ళు కాపాడుకున్నానండీ."

గూడెం దాకా నేనూ వాడిలాగే యాభై దాటకుండా నడిపాను.

పూర్ణకి ఫేస్‌బుక్ లేదు. దయచేసి ఎవరూ చదివి వినిపించొద్దు. రేపు పొద్దున్నే వెళ్ళి నేనే చెప్తాను. మీ అందరి ముందూ రాసేశాను కాబట్టి ఈసారి ఆదివారం దాకా ఆగే వీల్లేదు. తలుపు మొహం మీద వేస్తే వేయించుకుంటా.

వెళ్ళిరారా డ్రైవరూ. ఇంక మెడ తిప్పక్కర్లేదు, ప్రశాంతంగా పడుకో.

అక్కడ పక్క సీటు ఖాళీగా ఉంచు. నాకు కాదు.