స్మెలుపే నది కాదు

ముసలి మార్త్సెలే ఇంటి వెనక పారే స్మెలుపే మోకాలి లోతు వాగు. పైన్ అడవిలోని ఇసుకను తోసుకుంటూ, వంద మెలికలు తిరిగి, ఐదారు కిలోమీటర్ల దిగువన నదిలో కలుస్తుంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. రాజధాని విల్నియస్ నుంచి సరదాకి పడవలేసుకొచ్చేవాళ్ళకే తెలియదు.

ఎగువన వాగు మీద ఒక చెక్క వంతెన ఉంది. నది మీదా అలాంటిదే ఉంది. వేసవిలో ప్రతి శనివారం ఎవరో ఒకరు దీన్ని చూసి అదే అనుకుని పడవ దించేస్తారు. తీరా మార్త్సెలే గడ్డి బీడు దగ్గరికొచ్చేసరికి, నీళ్ళకడ్డంగా పడిన మాను కింద ఇరుక్కుంటారు. ఆమె మోకాళ్ళ నొప్పులతో వాగులోకి దిగి పడవ లాగాలి. పడవలు రావడం మొదలైన ఏడు జాలిపడి టీ కూడా ఇచ్చింది. నాలుగో ఏటికి పడవ కనబడితేనే ఒళ్ళు మండిపోయేది.

‘ఇది నది కాదు’ అని పలక మీద రాసి వంతెనకు కొట్టింది. జనం దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఆగస్టులో ఎవరో పలకనే ఊడబీక్కుపోయారు. జిల్లా ఆఫీసుకు అర్జీ పెడితే, అక్కడ నది లేదు గనక పడవల విషయంలో తాము చేయగలిగింది లేదని జవాబొచ్చింది. అది విని పక్కింటి జిగ్మాస్, “వాళ్ళన్నదాంట్లో తప్పేముంది? నువ్వూ అదేగా అంటున్నావ్,” అన్నాడు. మార్త్సెలే వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

ఈ జూలైలో తనే పుట్టగొడుగుల బుట్ట పట్టుకుని వంతెన మీద కూర్చుంది. ఒక జంట పడవ దించుతోంది.

“బాబూ, ఇది వాగు. నది అటు, అడవి దాటాక.”

అతను ఫోన్‌లో మ్యాప్ చూసుకున్నాడు. “ఇందులో నీలం గీత ఇక్కడే ఉంది పెద్దమ్మా.”

“అరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను నాయనా.”

“అవుననుకోండి. కానీ ఇది మొన్ననే అప్‌డేట్ అయింది.”

ఆమె బుట్ట తీసుకుని ఇంటికెళ్ళిపోయింది.

మూడింటికి వాళ్ళు బీడు దగ్గర తేలారు. మార్త్సెలే లేవలేదు. గుమ్మంలో కూర్చుని పుట్టగొడుగులు కోస్తూనే, పడవ రోడ్డు దాకా మోసుకెళ్ళి బండి పిలుచుకోమంది. అతను పడవ ఈడ్చుకుపోయాడు. ఆ అమ్మాయి మాత్రం కదల్లేకపోయింది. చెప్పు ఇసుకలో ఊడిపోయి, మోడు గుచ్చుకుని, అరికాలు నెత్తురోడుతోంది.

మార్త్సెలే విసుక్కుంటూనే ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి, కాలు కడిగి, పైన్ జిగురుతో కాచిన మందు రాసింది. ఇదెక్కడిదని అడిగిందా పిల్ల. వయసులో ఉండగా తాను చెట్లకు గాట్లు పెట్టి జిగురు తీసేదాన్నని చెప్పింది మార్త్సెలే. రోజుకెన్ని చెట్లని అడిగింది ఆ అమ్మాయి, గాటు ఎలా పెట్టాలని అడిగింది. ఇన్నేళ్ళలో ఈ ఇంటికొచ్చినవాళ్ళెవరూ దారి తప్ప మరేదీ అడగలేదు.

రోడ్డు మీంచి బండి హారన్ మోగింది. అమ్మాయి లేవబోయింది.

“కూర్చో,” అంది మార్త్సెలే. “అతన్ని ఆగమను. గాటు ఏ వైపు పెట్టాలో ఇంకా చెప్పలేదు.”