బయట గడియ

మా అక్క సుబ్బులమ్మకు తెలిసిందల్లా గొర్రెలే. అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. రాచర్ల దగ్గర మా రెండిళ్లకూ నడుమ గోడ ఒకటే. గొర్రె ఈనేటప్పుడు ఆమె చెయ్యి పడితే పిల్ల బతికినట్టే. అది నేను కాదనను. మనిషికీ గొర్రెకూ తేడా లేదంటేనే నాకు ఒళ్లు మండుద్ది.

ఆమె కోడలు నాగజ్యోతి తల్లి లేని పిల్ల. అందుకే కాన్పు అత్తగారింట్లోనే. ఆడపిల్ల పుట్టింది. నెల తిరక్కముందే నాగజ్యోతి వాలకం మారింది. నిద్ర లేదు. అన్నం పెడితే కంచంలోకి చూస్తా కూర్చుంటది. పాప ఏడిస్తే గోడకు ఆనుకొని వణుకుద్ది. "నన్ను దాని దగ్గరికి పంపొద్దత్తా" అంటది.

"డాక్టరుకు చూపిద్దాం అక్కా" అని నేనంటే, వింటేనా. "తొలిచూలు గొర్రె పిల్లను తన్నదా ఏంది? రెండిట్నీ ఒకచోట మూసేస్తే అదే నాకుద్ది. ఇదీ అంతే" అనింది. ఆ పొద్దున తల్లినీ బిడ్డనూ గదిలో పెట్టి, బయట గడియ వేసి, గొర్రెల దొడ్డికాడికి పోయింది.

నేను సజ్జలు చెరుగుతున్నా. గోడ అవతల పాప గుక్కపట్టి ఏడ్చింది. ఉన్నట్టుండి ఆ ఏడుపు ఆగిపోయింది. చేట పారేసి ఉరికినా. ఆ గడియ బిగుసుకొని ఒక పట్టాన రాదే. దాన్ని పెట్టించినోళ్లను తిట్టని తిట్టు లేదు.

తలుపు తీస్తే, పాప ఈ మూల బొంత మీద నిద్రపోతాంది. నాగజ్యోతి ఆ మూల, మంచం కోడుకు గొర్రెల తాడుతో తన కాళ్లు కట్టేసుకొని ఉంది. ముడి మీద ముడి.

"పాపను తీస్కపో చిన్నత్తా. దాన్ని ఏమన్నా చేసేస్తానేమోనని భయంగా ఉంది. అందుకే కట్టేసుకున్నా" అనింది.

నా కేకలకు సుబ్బులమ్మ వచ్చింది. నాలుగు దులుపుదామనుకున్నా గానీ, ఆమె మొహం చూసి, పాపను ఎత్తుకొని పక్కకు జరిగినా. ముడి ఇప్పబోతే రాక, కొడవలితో తాడు కోసింది.

ఆటోలో గిద్దలూరు పోయినాం. కాన్పు తర్వాత కొందరికి ఈ జబ్బు వస్తుందని, మందులతో తగ్గుద్దని, తల్లిని మాత్రం ఒంటరిగా వదలొద్దని డాక్టరమ్మ చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు పాప నా ఒళ్లో ఉంది. ఆటో కుదిపినప్పుడల్లా నాగజ్యోతి, "ఊపిరి తీస్తాందా చిన్నత్తా?" అని అడుగుతాంది. సుబ్బులమ్మ కోడలి చెయ్యి పట్టుకొని ఏడ్చింది.

"పుట్టినకాడి నుంచి గొర్రెల్లోనే ఉన్నా. పిల్లను వద్దనే తల్లి ఏదీ తన కాళ్లు తాను కట్టేసుకోంగ చూడలేదే" అనింది.