నూనె తాగిన పలక

మా నాన్న తంబూరాలు చేసేవారు. నరసాపురంలో మా ఇంటి అరుగు నిండా పనస చెక్కలే ఉండేవి. ఊళ్లో ఆయనకు గొప్ప పేరు. మాకు తెలిసిన సంగతి వేరు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

ఆ ఏడు పాలకొల్లు బట్టల వర్తకుడొకాయన వచ్చి, శివరాత్రికి పట్టిసీమలో భజన చేసుకోవడానికి ఒళ్లో ఇమిడే చిన్న తంబూరా కావాలన్నాడు. బుర్ర, దండి సిద్ధంగానే ఉన్నాయి. బుర్రను మూసే పలక దగ్గరే చిక్కొచ్చింది. తంబూరా పలికినా మూగబోయినా ఆ పలక వల్లే. దానికి ఏళ్ల తరబడి ఎండిన పనస కావాలి. అరుగు మీదున్నవన్నీ పచ్చి చెక్కలు. నాన్న కళ్లు అమ్మ పీట మీద పడ్డాయి.

అది అమ్మమ్మ పెళ్లికి చేయించిన పనస పీట. అమ్మ పెళ్లీ దాని మీదే అయింది. తరువాత వంతు నాది. పుట్టింటి నుంచి అమ్మ తెచ్చుకున్నవాటిలో మిగిలింది అదొక్కటే.

"పిల్ల పెళ్లికని ఉంచానండీ. దాన్ని ముట్టుకోకండి," అంది అమ్మ.

"పీటలకేం కరువే? దాని పెళ్లికి కొత్తది చేస్తాలే. ఇంత ఎండిన చెక్క రాజమండ్రి దాకా వెతికినా దొరకదు."

"అది నూనె తాగిన చెక్కండీ."

"చిత్రిక పడితే అదే పోతుంది. నాకు చెప్పొచ్చావా?"

కోసేశారు. రంపం చప్పుడు ఆగేదాకా అమ్మ పెరట్లోంచి లోపలికి రాలేదు.

పలక బిగించి, తీగలు కట్టి మీటితే తడిగుడ్డ కప్పిన కుండను తట్టినట్టుంది. మా ఇంట్లో పండగ తలంట్లన్నీ ఆ పీట మీదే. అందరికంటే ఎక్కువ నూనె పట్టించుకున్నది నాన్నే. ఒంటి మీంచి కారిన నూనె ఎక్కడికి పోయిందనుకున్నారో!

వర్తకుడు ఒక్కసారి మీటి, "ఇదేంటండీ, గొంతు పట్టేసినట్టుంది?" అని కింద పెట్టి వెళ్లిపోయాడు. నాన్న ఆ కోపమంతా అమ్మ మీద చూపించారు.

"ముందే గట్టిగా చెప్పాలా వద్దా?"

ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఊడదీసిన పలకను అమ్మ అడిగి తీసుకుని పెరుగు కుండ మీద మూతగా పెట్టుకుంది. నా పెళ్లినాటికి నాన్న కొత్త పీట మాటే మరిచారు. పక్కింటివాళ్ల పీట అరువు తెచ్చి నన్ను కూర్చోబెట్టారు. అత్తారింటికి బయల్దేరేటప్పుడు అమ్మ కుండ మీది పలక తీసి, కడిగి, తుడిచి నా పెట్టెలో పెట్టింది.

"కూర్చోడానికి చాలదే తల్లీ. అయినా నీదే."