తేదీ మార్చిన టపా

రెజిస్ వియాలా అబద్ధాలకోరు కాడు. ఆలెస్ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు రేడియోలూ టీవీలూ బాగుచేసి బతికినవాడు. బాగుపడని సెట్టును బాగుపడదని మొహం మీదే చెప్పి పంపించేవాడు. జీవితంలో అతను చేసిన పాడుపని ఒక్కటే, అదీ తన బ్లాగులో. అక్కడ దాన్ని పాడుపని అని ఎవరూ అనరు, కిటుకు అంటారు.

కొట్టు మూసేశాక మొదలుపెట్టిన ఆ బ్లాగు పేరు "మీటలూ మేకులూ". మీటలు గరాజులో గోడ పొడవునా పేర్చుకున్న పాత సింథసైజర్లవి. మేకులు డేరాకు కొట్టేవి. ఎండాకాలమంతా భార్య మిరేయ్‌నీ చిన్న క్యారవాన్‌నీ వెంటేసుకుని ఏటిగట్లు తిరగడం, చలికాలమంతా గరాజులో కూర్చుని ఆ యంత్రాలతో పాటలు కట్టడం, రెంటి గురించీ టపాలు రాయడం. ఇవి చాలవన్నట్టు బ్లాగులు రాసేవాళ్ళకు సలహాలు కూడా. ఈ మూడూ ఒకేచోట ఎందుకు కలిపావని ఎవరైనా అడిగితే, "నేనొక్కణ్ణే కదా, నాకు మూడు బ్లాగులెందుకు?" అనేవాడు. బ్లాగుల సంగతి తెలిసినవాళ్ళు నవ్వుకున్నారు గానీ, సెప్టెంబరులో బళ్ళు తెరిచి పిల్లల గోల సద్దుమణిగాక క్యారవాన్లు బయటికి లాగే తలనెరిసిన దంపతులు మాత్రం అతని మాటను నెత్తిన పెట్టుకున్నారు.

ఆరేళ్ళ కిందట మిరేయ్ నడుము పడిపోయింది. క్యారవాన్ అమ్మేశారు, తిరుగుళ్ళు ఆగిపోయాయి. అప్పుడు మొదలైంది ఆ కిటుకు. "పాత టపాలను పాతిపెట్టకండి. ఏటా రెండు మాటలు సవరించి, కొత్త తేదీ వేసి మళ్ళీ పైకి తెండి. వెతికేవాళ్ళకు కొత్తవే ముందు కనబడతాయి" అని సలహాల టపాలో తనే రాశాడు. చెప్పింది చేసేవాడు కాబట్టి తన టపాలన్నిటికీ అలాగే చేశాడు.

"పోయిన నెల మనం లోజేర్ కొండల్లో ఉన్నామట కదా! నాకు చెప్పనేలేదేం? చెబితే స్వెట్టరు సర్దుకునేదాన్ని" అని మిరేయ్ దెప్పేది.

"ఏరు ఎక్కడికి పోతుందే? ఉన్నచోటే ఉంటుంది" అనేవాడు రెజిస్.

ఆ శనివారం పొద్దున కాఫీ గిన్నె ముందు పెట్టుకుని, రొట్టెముక్క ముంచుకుంటూ, వచ్చిన వ్యాఖ్యలు చూస్తున్నాడు. కొత్తది ఒకటే ఉంది.

"మీరు చెప్పిన చోటే దిగాం రెజిస్ గారూ! పాత మిల్లు వెనక దారిన, ఏటి పక్క దిగువ మైదానంలో. మేం తప్ప నరమానవుడు లేడు. అడ్డంగా బోర్డు ఉంది. మీరన్నట్టే పట్టించుకోలేదు. వారం దాకా కదలం. సొలాంజ్, ఎమే."

రొట్టెముక్క గిన్నెలోనే నానిపోయింది. ఓర్సెట్ ఏరు రెండేళ్ళ కిందట ఆ మైదానాన్ని ఒక్క ఊపున ఊడ్చేసింది. ఆ రోజు అక్కడ ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మాలెవాల్ ఊరివాళ్ళు పై మెట్టు మీది డేరాల చోటు, క్యాంపింగు, మాత్రం ఉంచి, దిగువది మూసేశారు. రెజిస్ ఆ వార్త పేపర్లో చదివాడు. అయ్యో అనుకున్నాడు. టపా మాత్రం దించలేదు, ఎందుకంటే అతని బ్లాగులో అన్నిటికంటే ఎక్కువమంది చదివేది అదే. పోయిన నెలే దానికి కొత్త తేదీ వేశాడు.

వంటింట్లో రేడియో తన మానాన తాను చెప్పుకుపోతోంది: పై కొండల్లో మధ్యాహ్నానికి కుండపోత, ఎర్ర హెచ్చరిక.

మాలెవాల్ ఊరి కార్యాలయానికి ఫోన్ చేశాడు. నాలుగోసారికి ఒకావిడ ఎత్తింది.

"దిగువ మైదానంలో మనుషులున్నారమ్మా. ముసలివాళ్ళు."

"అది మూసేసి రెండేళ్ళయింది అయ్యా. మూసేసిన చోట ఎవరుంటారు? పై మెట్టు మీదివాళ్ళను ఇప్పుడే హాలుకు చేరుస్తున్నాం."

"ఉన్నారమ్మా, నాకు తెలుసు!"

"ఎలా తెలుసు?"

"తెలుసు" అన్నాడు మళ్ళీ, నీరసంగా. మనిషి దొరికితే పంపిస్తానని ఆవిడ పెట్టేసింది. ఆ దంపతుల నంబరు అతని దగ్గర లేదు. ఉన్నా లాభం లేదు, ఆ లోయలో సిగ్నలు అందదు. ఆ వ్యాఖ్య రొట్టె కోసం పైకి ఊళ్ళోకి వచ్చినప్పుడు పెట్టి ఉంటారు. సిగ్నలు అందకపోవడమే ఆ చోటు గొప్ప అని కూడా తనే రాశాడు మరి!

"వెళ్ళు, నేనిక్కడ ఫోన్ చేస్తూనే ఉంటాను" అంది మిరేయ్. దెప్పలేదు. దెప్పకపోవడంతో అతనికి ఇంకా భయమేసింది.

నలభై కిలోమీటర్లు, అన్నీ మలుపులే. విచిత్రమేమిటంటే దారి పొడవునా ఎండ కాస్తోంది. ఉత్తరాన కొండల మీద మాత్రం ఆకాశం నల్లగా దిగబడి ఉంది. ఆ నాట ఏరులు అలాగే చంపుతాయి, వాన ఒకచోట, వరద ఇంకోచోట. మాలెవాల్ వంతెన మీద బండి ఆపి కిందికి చూశాడు. ఏరు సన్నగా, తేటగా, అమాయకంగా పారుతోంది. ఆ నీళ్ళను చూసి మోసపోనివాళ్ళెవరు? మిల్లు వెనక దారి పట్టాడు. పక్కకు తోసిపెట్టిన బోర్డు కనబడింది. కొత్త బోర్డే, పెద్ద అక్షరాలే.

తను టపాలో పొగిడిన ఆ చెట్ల నీడలోనే తెల్ల క్యారవాన్ ఉంది. చక్రాల కింద చెక్కలు పెట్టి ఎంత తీరుగా నిలబెట్టారో! దాని ముందు బల్ల, బల్ల మీద కాఫీ, డెబ్భై దాటిన ఇద్దరు మనుషులు. ముసలాయన చెప్పులు విప్పి, ఉత్త కాళ్ళు గడ్డిలో పెట్టుకున్నాడు.

"లేవండి! వరద వస్తోంది, వెంటనే పైకి వెళ్ళాలి!" అని పరుగున వెళ్ళాడు రెజిస్.

సొలాంజ్ అతణ్ణి చూసి, మొగుడి వైపు తిరిగి కన్నుగీటింది. "వచ్చాడండీ మనవాడు! నేను చెప్పలా?" అని, "కూర్చోండి బాబూ, కాఫీ తాగుతారా?" అంది ఎంతో మర్యాదగా.

రెజిస్‌కు అరక్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమై చెవులు మండిపోయాయి. ఆ టపా చివర తను రాసిన ముక్క అది: "ఏటా ఎవడో ఒకడు వచ్చి నీళ్ళొస్తాయని బెదిరిస్తాడు. తలూపి, కాఫీ ఇచ్చి పంపించండి." ఆ మాటకు అప్పట్లో ఎంతమంది నవ్వారని!

"అది నమ్మకండమ్మా. అది రాసింది నేనే. నేనే రెజిస్‌ని."

"ఆయనకు గడ్డం ఉంటుంది."

"ఆ ఫొటో పదకొండేళ్ళ నాటిది!"

"ఆయన పోయిన నెల ఇక్కడే ఉన్నారు. ఇదే చోట. తేదీతో సహా ఉంది" అంది సొలాంజ్. గొంతులో మర్యాద తగ్గింది. "ఎవరు పంపారు మిమ్మల్ని? ఆఫీసువాళ్ళా?"

ముసలాయన ఏమీ పట్టనట్టు చిరునవ్వుతో ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. అప్పుడు రెజిస్‌కు ఆ పేర్లు ఎక్కడివో గుర్తుకొచ్చాయి.

"మూడేళ్ళ కిందట మీరు నాకొక ఉత్తరం రాశారు. బ్లాగులో కాదు, విడిగా. మీ ఆయనకు చెవులు పోతున్నాయనీ, నా పాటల్లో బాగా కిందిస్వరం వచ్చినప్పుడు స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటారనీ. అప్పుడు ఏడుస్తారని కూడా రాశారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు."

సొలాంజ్ మొహం పాలిపోయింది. "మీరెప్పుడొచ్చారిక్కడికి, ఆఖరుసారి?"

"ఆరేళ్ళయింది."

"మరి తేదీ?"

"మార్చానమ్మా."

ఆమె ఏదో అనబోయింది. అంతలో ఎమే తలెత్తాడు. "సొలాంజ్, ఎవరు పాట పెట్టారు?" అన్నాడు. "చాలా కిందిస్వరం. కాళ్ళకు తెలుస్తోంది."

రెజిస్ చెవులకు ఇంకా ఏమీ వినబడలేదు. వంగి నేల మీద చెయ్యి పెట్టాడు. అదురుతోంది. ఎగువన ఎక్కడో ఏటి అడుగున బండరాళ్ళు దొర్లుతున్నాయి.

"కారెక్కండి! క్యారవాన్ వదిలెయ్యండి!"

సొలాంజ్ లేచింది. ఎమే మాత్రం క్యారవాన్ వైపు నడిచాడు, దాని ఊతకాళ్ళు ఎత్తి తమ కారుకు తగిలించుకుందామని. ఇరవై మూడేళ్ళ బండి, అలా వదిలి ఎలా పోతాడు? ఆమె అరిచింది, కారెక్కి హారను కొట్టింది. వినబడితే కదా! రెజిస్ పరుగెత్తి అతని నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. ముసలాయన మోచేత్తో పొడిచాడు, తిట్టాడు, గడ్డి మీద ఇద్దరూ పడ్డారు. పడ్డచోటి నుంచి ఎమేకి ఏటి మలుపు కనబడింది. మట్టిరంగు నీటిగోడ, దాని ముందు విరిగిన చెట్లు. ఇక ఎవరూ ఎవర్నీ లాగనక్కర్లేకపోయింది.

రెండు కార్లూ మిల్లు దాటి ఎక్కేసరికి వెనక మైదానం లేదు. క్యారవాన్ ఒకసారి పక్కకు తిరిగి, తలుపు తెరుచుకుని, చెట్ల మధ్య నుంచి వెళ్ళిపోయింది. సొలాంజ్ కారాపి దిగి, అది కనబడనంత దూరం పోయేదాకా చూసింది.

మాలెవాల్ ఊరి హాలులో పై మెట్టు మీది క్యాంపింగువాళ్ళు అరవైమంది దాకా చేరారు. ఎవరో సూపు పోస్తున్నారు, ఎవరో దుప్పట్లు పంచుతున్నారు. రెజిస్ మిరేయ్‌కి ఫోన్ చేసి, బతికారని చెప్పి, గోడవారగా నిలబడ్డాడు. వెళ్ళిపోదామని ఉంది.

ఎమే అతణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాడు. "సొలాంజ్ రాసి చూపించింది. మీరేనట కదా రెజిస్! మా కోసం అంత దూరం నుంచి వచ్చారట కదా!" అన్నాడు, చెవిటివాళ్ళు మాట్లాడేంత గట్టిగా. "మీరు రాసిన ప్రతి ముక్కా చదివాను నేను. మీరు చెప్పిన చోటల్లా దిగాం. మీ మాట మాకు వేదం!"

అందరూ ఇటు తిరిగారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. రెజిస్ సొలాంజ్ వైపు చూశాడు.

"సగమే చెప్పాను. మిగతా సగం మీరు చెప్పాలి" అంది ఆమె.

రెజిస్ జేబులో కాగితం కోసం తడుముకున్నాడు.

"రాయకండి. మీరు రాసింది చాలు. నోటితో చెప్పండి. చెవి మిషన్లు క్యారవాన్‌లోనే పోయాయి, గట్టిగా చెప్పండి."

రెజిస్ ముసలాయన చెవి దగ్గరికి వంగి చెప్పాడు.

"ఏంటీ?" అన్నాడు ఎమే నవ్వుతూ.

ఇంకాస్త గట్టిగా చెప్పాడు. పక్కబల్ల దగ్గర గరిటెల చప్పుడు ఆగింది.

"వినబడలేదు బాబూ!"

"నేనా మైదానానికి వెళ్ళి ఆరేళ్ళయింది!" అని అరిచాడు రెజిస్. "దాన్ని మూసేశారని నాకు తెలుసు! తెలిసే తేదీ మార్చాను!"

ఎమే నవ్వు వెంటనే పోలేదు. పెదవుల మీద కాసేపు అలాగే ఉండి, మెల్లగా సద్దుమణిగింది. తర్వాత, పట్టుకున్న చెయ్యి వదిలేసి, సూపు గిన్నె పెట్టి ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళి, రెజిస్‌కు వీపు పెట్టి కూర్చున్నాడు.