రెండువందల యాభై అయిదు శాతం బ్యాటరీ

బ్యాటరీల సంగతి నాకు తెలుసని నమ్మేవాళ్లు చంద్రగిరి చుట్టుపక్కల ఇప్పటికీ ఒక్కరూ లేరు. ఎందుకు లేరో చెబుతాను. కాస్త మనసు గట్టి చేసుకోండి, ఇందులో బోలెడన్ని కోడిపిల్లల ప్రాణాలున్నాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. తిరుపతిలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతూ, మైక్రోకంట్రోలర్లనే చిట్టి కంప్యూటర్ చిప్పులు లోకంలో ఎన్నున్నాయో అన్నీ నా మాటే వింటాయనుకుంటున్న రోజులు. మా చిన్నాయన చంద్రగిరి దగ్గర గుడ్లు పొదిగించే షెడ్డు పెట్టి, ఉన్నదంతా దానిమీదే పోశాడు. కరెంటు పోతే పొదిగే యంత్రం బ్యాటరీల మీద నడవాలి. అవి దిగిపోతున్నాయని ముందే తెలిస్తే పెళ్లిళ్లకు షామియానాలు, జనరేటర్లు అద్దెకిచ్చే మస్తాన్ భాయ్ దగ్గర్నుంచి జనరేటర్ తెప్పించుకోవచ్చు. ఆ ముందే తెలియజేసే పని నాకు అప్పగించాడు.

షెడ్డులో బ్యాటరీల పక్కనున్న బోర్డు ఛార్జి ఎంతుందో కొలుస్తుంది. ఇంటి వరండాలో టార్చి సెల్లుల మీద నడిచే నా మైక్రోకంట్రోలర్ ఆ అంకెను చదివి డిస్‌ప్లే మీద చూపిస్తుంది. చదవడానికి రెండు దారులున్నాయి: ఐ-టూ-సీ, ఆర్‌ఎస్-485. మా కాలేజీ మేడం ముందే చెప్పింది.

"ఐ-టూ-సీ ఒకే పెట్టెలో పక్కపక్కనుండే చిప్పులు మాట్లాడుకోడానికబ్బా. షెడ్డు నుంచి ఇంటిదాకా అంటే 485 పెట్టుకో. దానికి రెండు పక్కలా వేరే చిప్పులు కావాల. ఈడ దొరకవు, మద్రాసు పోయి తెచ్చుకో."

మద్రాసా! ఆ ఎండలో, ఆ బస్సులో! ఐ-టూ-సీకైతే ఏ చిప్పూ అక్కర్లేదు. చిన్నమ్మ బట్టలారేసే తీగ వెంబడే వైర్లు కట్టి, షెడ్డు ఫ్యాను మోటారు పక్కనుంచి లాగేశాను. మొదట్లో బుద్ధిగానే పనిచేసింది. కొన్నాళ్లకు డిస్‌ప్లే మీద 255 వచ్చి కూర్చుంది.

"ఏందబ్బా ఇది? నూటికి రెండొందల యాభై అయిదా?" అన్నాడు చిన్నాయన.

మీరైతే ఏమనేవారో గానీ, నేనేమన్నానో వినండి. "కొత్త బ్యాటరీలు గదా చిన్నాయనా, గట్టిగా ఎక్కినాయి."

అసలు సంగతి వేరు. వైర్ల పొడవుకు మోటారు నుంచి వైర్లలోకి దూరే కరెంటు గోల తోడై, అవతలి బోర్డు మాట ఆగిపోయింది. ఎవరూ పలకనప్పుడు ఐ-టూ-సీలో చదివితే వచ్చేది 255. దాన్ని నేను బ్యాటరీకి పట్టిన బలమనుకున్నాను. చిన్నాయన నన్ను నమ్మి ఊరంతా చెప్పుకున్నాడు.

పిల్లలు బయటికి రావలసిన రోజు పొద్దున్నే కరెంటు పోయింది. మధ్యాహ్నమైనా రాలేదు. పాపం మస్తాన్ భాయ్ పిలవకుండానే ఆటోలో జనరేటర్ వేసుకొచ్చాడు.

"దించమంటావా అన్నా?"

"యాల భాయ్! సూడు, రెండొందల యాభై అయిదుండాది. మావోడు పెట్టినాడు. కావాలంటే నీ పెళ్లిళ్లకి మేమే ఇస్తాం కరెంటు."

"అట్లయితే చిత్తూరులో పెళ్లుండాది, పోతా."

భాయ్ ఆటో ఎక్కబోతుంటే వంటింట్లోంచి చిన్నమ్మ వచ్చింది.

"అన్నం టయానికి ఇంటికొచ్చి తినకుండా పోతావా? సంగటి కెలికినా, కూసో."

"పెళ్లోళ్లు ఎదురు సూస్తాండారమ్మా."

"పెళ్లి యాడికీ పోదు. కూసో భాయ్."

కూర్చున్నాడు. చిన్నమ్మ రెండో ముద్ద వేస్తుండగా షెడ్డులో యంత్రం చప్పుడు ఆగిపోయింది. డిస్‌ప్లే మాత్రం 255 దగ్గరే దర్జాగా ఉంది.

"బ్యాటరీ సచ్చిందిరా!" షెడ్డులోంచి చిన్నాయన కేక.

నేను డిస్‌ప్లేను వేలితో తట్టి చూస్తూ నిలబడ్డాను. మస్తాన్ భాయ్ మాత్రం ఎంగిలి చేత్తోనే పరుగెత్తి, ఆటోలోంచి జనరేటర్ దించి, షెడ్డుకు వైరు తగిలించి తాడు లాగాడు. యంత్రం మళ్లీ తిరిగింది. చిత్తూరు పెళ్లికి ఇంకో జనరేటర్ పంపమని ఎవరికో ఫోన్ చేసి, సాయంత్రందాకా మా షెడ్డు దగ్గరే ఉండిపోయాడు.

పొద్దు వాలేసరికి షెడ్డంతా కిచకిచలు. చిన్నాయన తిడతాడనుకుని మూల నక్కాను. ఆయన పసుపుపచ్చటి పిల్లనొకదాన్ని నా అరచేతిలో పెట్టాడు.

"దీంట్లో ఛార్జి ఎంతుండాదో సూసి చెప్పప్పా. నూరు దాటించబాకు."

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ వెచ్చదనం ఇప్పటికీ నా అరచేతిలో ఉంది. చిన్నమ్మకూ, మస్తాన్ భాయ్‌కీ, తిట్టకుండా నవ్విన చిన్నాయనకూ నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మర్నాడే మద్రాసు బస్సెక్కాను.

ఆ కోడిపిల్ల సాక్షిగా చేసిన ప్రమాణం ఇది: నూరు దాటిన శాతాన్ని ఈ జన్మలో నమ్మను. పెట్టె దాటి ఐ-టూ-సీ వైరు లాగను. చిన్నమ్మ "కూసో" అన్నాక నిలబడను.