కరెంటుకి కోపం లేదన్న మాస్టారు

మాస్టారు పోయారని ఫోను వచ్చేసరికి నేను ఆమదాలవలస స్టేషను బయట కరపత్రాలు పంచుతున్నాను. పొద్దున్న బడికి బయలుదేరుతూ చెప్పులు వేసుకోవడానికి వంగిన మనిషి మళ్లీ లేవలేదట. ఆయన ఇల్లు స్టేషనుకి దగ్గరే. చేతిలో కాగితాలు ఏమయ్యాయో తెలియదు. పరిగెత్తాను.

మీలో ఎవరికీ ఆయన తెలియకపోవచ్చు. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళితే మా పల్లె. మా బడికి రెండే గదులు, ఆయనొక్కరే మాస్టారు. నాచేత అక్షరాలు దిద్దించిందీ ఆయనే. ఇంటరుతో చదువు ఆపేసి, దొరికిన కరపత్రమల్లా చదివి, ఆ వేడంతా తీసుకెళ్లి ఆయన ముందు కుమ్మరించేవాణ్ణి. పిల్లల పలకలు దిద్దుకుంటూనే వినేవారు.

ఒక ఏడు తుఫానుకి కరెంటు తీగ తెగి తడి ఇసుకలో పడింది. కనపడక మా చిన్నాన్న దాన్ని తొక్కాడు. అక్కడికక్కడే పోయాడు. ఆ తరవాత పిన్ని ఇంట్లో స్విచ్చి కూడా ముట్టలేదు. దీపం వేయాలంటే పక్కింటివాళ్లని పిలిచేది. అలాంటిది, బడిలో కరెంటుతో అయస్కాంతం చేయిస్తున్నారని తెలిసి పరుగున వచ్చింది. కూతుర్ని, అంటే మా చెల్లిని, రెక్క పట్టి లేవదీసింది.

"సదువులు సెప్పండి మేస్టారూ, సావులు సెప్పకండి. మా ఆయన్ని తినీసినాది సాల్లేదేటి?"

నేను అక్కడే ఉన్నాను. ఊరుకుంటానా? అజ్ఞానం, మూఢనమ్మకం అంటూ కరపత్రాల్లో మాటలన్నీ ఆవిడ మీదకి విసిరాను. మాస్టారు నా భుజం పట్టి పక్కకి లాగారు.

"నోరు ముయ్యరా. ఆవిడది మూఢనమ్మకం కాదు, కళ్లారా సూసిన సావు. కరెంటుకి కోపం లేదురా, దారి ఉంది. నీకు కోపం ఉంది, దారి లేదు."

సాయంత్రం ఆయనే పిన్ని దగ్గరికి వెళ్లి, వల బాగుచేస్తున్న ఆవిడ ఎదురుగా ఇసుకలో కూర్చున్నారు. పాఠం చెప్పలేదు, బతిమాలలేదు. "రేపు నువ్వూ రా అమ్మా. నీకు బయమేస్తే అక్కడే ఆపీద్దాం," అన్నారంతే.

వచ్చింది. మాస్టారు ఎప్పటిలాగే మొదలుపెట్టారు: "బ్యాటరీ పెంపుడు పిల్లి. గోడలో ప్లగ్గు పులి. రెండిటికీ మీసాలున్నాయని రెండిటినీ నిమురుతామేటి?"

మేకులకి పూత వేసిన రాగి తీగ చుట్టమన్నారు. చుట్టడం మా పిల్లలకి ఒకరు నేర్పాలా! వల అల్లే సూదికి దారం ఎక్కించేటప్పుడు ఒక పక్క చుట్టి, తిరగేసి, రెండో పక్క చుడతారు. మేకుకీ అదే పని చేశారు. సగం తీగ చుట్టి, మేకు తిరగేసి, మిగతా సగం దాని మీదే చుట్టారు. చూడముచ్చటగా ఉంది. బ్యాటరీకి కలిపితే, ఎదురుగా పోసిన చేపల గాలాల్లో ఒక్కటి కూడా కదల్లేదు.

"మీ కరెంటు సచ్చిపోనాది మేస్టారూ!" అన్నాడొకడు.

మాస్టారు పగలబడి నవ్వారు. "సావలేదురా. ఈ సగం ఇటు లాగితే ఆ సగం అటు లాగతన్నాది. పడవలో ఇద్దరు ఎదురెదురుగా తెడ్డేస్తే ఏటవుతాది? ఒక సగం విప్పీండి."

విప్పారు. చెల్లి తీగ కొసని బ్యాటరీకి ఆనించబోయింది. పిన్ని దాని రెండో చేతిని గబుక్కున పట్టుకుంది. నేను విడిపించబోయాను.

"ఒగ్గీరా. కరెంటు వస్తే ఇద్దర్నీ అట్టుకుపోనీ," అంది పిన్ని.

చెల్లి తీగ కొస ఆనించింది. మేకు కొసకి గాలాలు టకటకా అతుక్కున్నాయి. చెల్లి కేక పెట్టింది. పిన్ని దాని అరచేయి తిప్పి తిప్పి చూసింది, ఎక్కడైనా కాలిందేమోనని. ఎక్కడా కాలలేదు. చేయి వదిలి, వరండాలోకి పోయి ఏడ్చింది. మాస్టారు మా వైపు వీపు పెట్టి, శుభ్రంగా ఉన్న బోర్డునే తుడుస్తూ ఉండిపోయారు.

మర్నాటి నుంచి చెల్లిని ఎవరూ బడిలోంచి లాక్కుపోలేదు.

లోకాన్ని మార్చేస్తానని స్టేషన్ల దగ్గర అరుస్తాను. ఒక మనిషి భయం ఎదురుగా అలా ఇసుకలో కూర్చోవడం నాకింకా చేతకాదు. నేర్చుకునేదాకానైనా ఉండకుండా పోయారు. ఆ కోపం ఎవరి మీద చూపించను?

మా పల్లె పల్లెంతా ఆటోల్లో వచ్చింది. మాస్టారిని అద్దాల ఫ్రీజరు పెట్టెలో పడుకోబెట్టారు. పెట్టె కిందనుంచి వైరు కిటికీ దాటి లోపలికి పోతోంది. పిన్ని జనాన్ని తోసుకుంటూ వెళ్లి రెండు అరచేతులూ పెట్టె మీద ఆనించింది.

"ముట్టుకోకమ్మా, షాకు కొడతాది!" అని పెట్టె తెచ్చినాయన అరిచాడు.

ఆవిడ చేతుల కింద మోటారు సన్నగా మోగుతోంది. పిన్ని చేతులు తియ్యలేదు.